ఎడమ వైపు కిటికీ సీటు

అది మా సీటే. ఇప్పుడడిగినా అదే చెబుతాను. టవలు ఎవరు వేస్తే సీటు వాళ్ళది. అనంతపురం బస్టాండులో ఒక్కసారి బస్సెక్కిన వాళ్ళకైనా తెలిసిన న్యాయం ఇది. కిటికీలోంచి టవలు పడిందంటే, దాని మీద కలెక్టరు కూడా కూర్చోడు. విమానం అయినంత మాత్రాన న్యాయం మారిపోతుందా?

మారుతుందని మా రమేశ్ అంటాడు. వాడు మా చిన్నాయన కొడుకు, నాకంటే రెండేళ్ళు చిన్న. మొన్న ఒక పెళ్ళిలో, పంక్తిలో కూర్చుని, నలుగురూ వింటుండగా మళ్ళీ మొదలుపెట్టాడు. "ఇమానంలో టువ్వాల వేసేదేందక్కా, నగుబాటు కాకపోతే" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "నువ్వు జేజిని ఇమానం ఎక్కించకపోయుంటే మా నాయన బాయిలో పడేటోడే కాదు. అది కప్పిపెట్టుకునేదానికి దయ్యం కత ఒగటి అల్లినావు" అన్నాడు.

విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. వాడికి జవాబు అక్కడ చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను.

మొదటి సంగతి, దయ్యం అన్న మాట నా నోట్లోంచి ఏ రోజూ రాలేదు. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. హైదరాబాదులో, నాలుగో అంతస్తు ఫ్లాటులో పెరిగినదాన్ని. కాలేజీ హాస్టల్లో చీకటి పడ్డాక బాత్రూముకు తోడు రమ్మని అడిగిన అమ్మాయిలను తిట్టి పంపినదాన్ని. దిష్టి తీస్తామంటే మా అమ్మతో పోట్లాడేదాన్ని. ఇప్పటికీ అంతే. జరిగింది జరిగినట్టు చెబుతాను. అర్థం చెప్పడం నా వల్ల కాదు.

చవక విమానాలు కొత్తగా వచ్చిన రోజుల మాట ఇది. నేను బెంగళూరులో కాల్ సెంటర్‌లో చేరి ఏడాది అయింది. మా నాయనా అమ్మా హైదరాబాదులోనే ఉండేవారు. మా నాయన తల్లిని మేం జేజి అంటాం. జేజి మా చిన్నాయన ఓబులేసుతో పాటు ఊళ్ళోనే ఉండేది. అనంతపురం నుంచి తాడిపత్రి పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి పోవాలి. ఎర్ర నేల, వేరుశనక్కాయ చేలు, చేనుకు రెండు మూడు ఎండిపోయిన బోర్లు. మా చేలో వాటితో పాటు ఒక పాత బాయి కూడా ఉంది. నేను పుట్టక ముందే ఎండిపోయింది. చుట్టూ గట్టు సగం కూలిపోయి, లోపల ముళ్ళకంప తప్ప ఏమీ ఉండదు.

జేజికి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. ఎదుట నిలబడ్డ మనిషిని గొంతును బట్టి గుర్తుపట్టేది. హైదరాబాదులో ఆపరేషన్‌కు మా నాయన ఏర్పాటు చేశాడు. ఊరి నుంచి తిన్నగా హైదరాబాదు బస్సెక్కిస్తే జేజి నడుము ఆ కుదుపుకు తట్టుకోదు. రైల్లో బెర్తులు దొరకలేదు. నేను ఇరవై నాలుగు గంటలూ ఫోనూ నెట్టూ పట్టుకుని తిరిగే మనిషిని కదా, ఆఫర్ పడిన నిమిషంలోనే బెంగళూరు నుంచి హైదరాబాదుకు రెండు టికెట్లు పట్టేశాను. బెంగళూరు దాకా తెలిసినవాళ్ళ కారు ఉంది. ఇందులో నా తప్పేంటో రమేశ్ ఇప్పటికీ చెప్పలేడు.

బయలుదేరే ముందు చిన్నాయన సంబరం చూడాలి. రోజూ మధ్యాహ్నం మా చేనుకు కొంచెం అవతలగా ఒక విమానం పోతుందనీ, అది మేం ఎక్కబోయేదేననీ తేల్చేశాడు.

"ఎడం పక్క కిటికీకాడ కూర్చోమ్మా. నేను చేలో నిలబడి టువ్వాల ఊపుతా. చూడు" అన్నాడు జేజితో.

"నీ మొగమే మసగ్గా ఉండాది. అంత పైనుంచి నీ టువ్వాల నాకేం కనపడుతాదిరా?"

"నీకి కనపడకపోతే పాపకి కనపడుతాది. పాప చెప్తాది నీకి."

"అదేం చూస్తాది? ఆ ఫోన్లోంచి తల ఎత్తితే గదా."

అలా నామీద జోకు వేసిందే గానీ, బెంగళూరు వచ్చేదాకా కారులో జేజి ఒకటే పాట. ఎడం పక్క కిటికీ. మర్చిపోవద్దు పాపా, ఎడం పక్క.

ఆ విమానాల్లో టికెట్ మీద సీటు నంబరు ఉండేది కాదు. ముందు ఎక్కినవాడికి నచ్చిన సీటు. నేను జేజిని గేటు దగ్గర అందరికంటే ముందు నిలబెట్టాను. పెద్దవాళ్ళూ చంటిపిల్లల తల్లులూ ముందు రావాలని మైకులో చెప్పారు. సంతోషించాను. ఆ సంతోషం ఎంతసేపు? మమ్మల్ని ముందు ఎక్కించింది విమానంలోకి కాదు, విమానం దగ్గరికి పోయే బస్సులోకి. పెద్దవాళ్ళు కదా అని లోపలికి పంపి, డ్రైవర్ వెనకాల సీట్లో కూర్చోబెట్టారు. ఆ తర్వాత జనం అంతా ఎక్కి తలుపుల దగ్గర నిలబడ్డారు. బస్సు ఆగింది. ముందు దిగింది ఎవరు? చివర ఎక్కినవాళ్ళు. చివర దిగింది ఎవరు? ముందు ఎక్కిన ముసలివాళ్ళు. ఈ ఏర్పాటు కనిపెట్టిన మనిషి ఎవరో నాకు దొరికితే బాగుండును.

జనం దిగీ దిగగానే పరుగులు పెట్టారు. సూటు వేసుకున్నవాళ్ళు కూడా. నేను జేజి చేతిలోని టవలు లాక్కున్నాను. కళ్ళు కారితే తుడుచుకోవడానికి ఎప్పుడూ చేతిలో పెట్టుకునే ఎర్ర గళ్ళ టవలు అది. "మెల్లగా రా జేజీ, నేను సీటు పడతా" అని చెప్పి అందరినీ నెట్టుకుంటూ పరిగెత్తాను. ఎవరో అరిచారు పరిగెత్తకూడదని. వినలేదు.

అది పంకాలు తిరిగే చిన్న విమానం. రెక్కలు పైన ఉంటాయి కాబట్టి ఏ కిటికీలోంచైనా కింద నేల కనబడుతుంది. వెనక తలుపులోంచి ఎక్కాలి. అటు రెండు, ఇటు రెండు సీట్లు. ఎడమ వైపు మధ్యలో ఒక కిటికీ సీటు ఖాళీగా కనబడింది. టవలు పరిచాను. పక్క సీట్లో నా బ్యాగు పడేశాను. జేజిని తీసుకురావడానికి మళ్ళీ కిందికి దిగాను.

జేజిని మెట్లు ఎక్కించి తెచ్చేసరికి ఆ కిటికీ సీట్లో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, లావు పొట్ట, వేలికి ఉంగరాలు. మా టవలు మడిచి నా బ్యాగు మీద పెట్టి ఉంది.

"అది మా సీటండీ. టవలు వేసి వెళ్ళాను" అన్నాను.

"ఎవురు కాదన్న్యారమ్మా? ఇదో, మీ టువ్వాల. మడత కూడా నేనే పెట్టినా."

మాట వినగానే మా వైపు మనిషని తెలిసిపోయింది. ఏ ఊరని అడిగాను. ధర్మవరం, పట్టుచీరల వ్యాపారం అన్నాడు.

"ధర్మవరం మనిషి అయ్యుండి టవలు తీశారా? ఇదే పని బస్టాండులో చేసి ఉంటే?"

"చెయ్యి ఇరిచేటోళ్ళు" అని నవ్వాడు. "అందుకే కదమ్మా బస్సు మానుకోని ఇమానం ఎక్కింది."

చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ముసలామె, మొదటిసారి ఎక్కింది, తన ఊరు చూసుకోవాలని ఆశ పడిందని చెప్పాను. ఆయన జేజి కళ్ళ వైపు చూసి, "అవ్వకి ఆ కండ్లతో ఊరేం కనపడుతాదిలే పాపా. నాకి కిటికీ లేకపోతే కడుపులో తిప్పుతాది" అన్నాడు. ఎయిర్‌హోస్టెస్ వచ్చి, గుడ్డలు వేసి సీట్లు పట్టుకోవడం కుదరదు మేడమ్, ఖాళీగా ఉన్నచోట కూర్చోండి అంది. నేను గొంతు పెంచాను. జేజి నా చెయ్యి పట్టుకుని లాగింది.

"పానీలే పాపా. యాడ కూర్చున్యా అందరం ఒగ చోటికే గదా పోయేది."

జేజి ఆయన పక్కన, నడవ వైపు సీట్లో కూర్చుంది. బెల్టు నేనే పెట్టాను. నాకు నడవకు ఇవతల, కుడి వైపు సీటు దొరికింది. జేజికీ నాకూ మధ్య నడవ ఒక్కటే.

ఇక్కడి నుంచి జరిగింది కొంచెం జాగ్రత్తగా చెప్పాలి.

తలుపులు మూశాక లోపల ఉక్కగా ఉంది. జేజి కొంగు తీసి విసురుకోవడం మొదలుపెట్టింది. అందరూ చేతిలో ఏది ఉంటే దాంతో విసురుకుంటున్నారు, అందులో వింత లేదు. విమానం లేచాక పైనుంచి చల్లగాలి వచ్చింది. కాసేపటికి చలి పుట్టింది. నేను దుపట్టా కప్పుకున్నాను. జేజి మాత్రం ఇంకా విసురుతూనే ఉంది. తన ముఖానికి కాదు. ముందుకు వంగి, కిందికి, కాళ్ళ దగ్గరికి విసురుతోంది. కొంగు అంచు తగులుతోందని ధర్మవరం ఆయన రెండుసార్లు విసుక్కున్నాడు.

"అవ్వా, ఏసీ పెట్టినారు. ఇంకేం గాలి కావాల నీకి?"

జేజి విసరడం ఆపలేదు. నేను వంగి చేయి పట్టుకున్నాను. "ఎందుకు జేజీ, చలిగా ఉంటే?" అన్నాను.

"ఉడుకుపోస్తాంది మే" అంది. ఆగి, "నాకి కాదులే" అంది.

పక్కాయన గురించి అంటోంది కాబోలు అనుకున్నాను. చెయ్యి విడిపించుకుని మళ్ళీ విసరసాగింది.

మా జిల్లా మీదికి వచ్చి ఉంటామని అనిపించినప్పుడు నేను లేచి నిలబడి ఆ కిటికీలోంచి తొంగి చూశాను. కింద అంతా మబ్బు. నేల జాడ కూడా లేదు. మా వైపు మబ్బు సంగతి అందరికీ తెలిసిందే. వస్తుంది, ఊరిస్తుంది, చుక్క రాల్చకుండా పోతుంది. చూడబోయినా ఏమీ కనబడేది కాదని తెలిసి నా కోపం కొంచెం తగ్గింది కూడా. కూర్చున్నాను.

అప్పుడు జేజి ధర్మవరం ఆయన మోకాలి మీద చెయ్యి ఆనించి, ఆయన మీదుగా కిటికీ వైపు వంగింది. అద్దానికి ముఖం దగ్గరగా పెట్టింది. గ్లాసు నీళ్ళు తాగేంత సేపు అలాగే ఉంది. వెనక్కి వచ్చి కూర్చుని నాతో చెప్పింది. పాలు పొంగుతున్నాయి చూడు అని చెప్పినంత మామూలుగా చెప్పింది.

"మే, చిన్నోడు పాత బాయిలో పడినాడు. వన్నూరప్పకి ఫోన్ చెయ్యి."

వన్నూరప్ప మామ అంటే మా ఊళ్ళో మా చేను పక్క చేను ఆయన. అప్పట్లో మా వీధిలో మొదట సెల్‌ఫోన్ కొన్నది ఆయనే.

"ఏం మాట్లాడుతున్నావు జేజీ?" అన్నాను.

"తలకాయ రాయికి తగిలింది. నెత్తర పోతాంది. ఎవురో ఆడమనిషి పక్కన కూర్చోని ఇసురుతాంది. మొగం కనపల్యా. ఈపు ఒగటే కనపడుతాంది."

ధర్మవరం ఆయన గట్టిగా నవ్వాడు. "అవ్వా, మా మిద్దె మీద చీరలు ఆరేసినారు. రోంత వంగి చూసి చెప్పు, ఆరినాయేమో."

ఆయన్ను తిట్టాను. జేజినీ తిట్టాను, పరువు తీస్తున్నావని. జేజి కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ కళ్ళు ఎప్పుడూ కారేవే. కానీ టవలు తీసుకుని తుడుచుకోవడం లేదు. కుడి చెయ్యి విసురుతూనే ఉంది. ఎడమ చెయ్యి నా ఫోన్ ఉన్న బ్యాగు వైపు చాపి ఉంది.

ఫోన్ తీసి ఆన్ చేశాను. నమ్మి చేశానని చెప్పను. ఒక్క మాట మాట్లాడిస్తే ఊరుకుంటుంది కదా అని చేశాను. ఆ పంకా విమానాలు మరీ ఎత్తున పోవు. తెర వెలిగింది. సిగ్నల్ దగ్గర ఒక గీత కనబడింది. నా కళ్ళతో చూశాను, ఒక గీత. వన్నూరప్ప మామ నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఇంతలో ధర్మవరం ఆయన లేచినంత పని చేశాడు.

"ఫోన్ ఆపమ్మా. పెండ్లాం బిడ్డలు ఉండేటోళ్ళం. అందరినీ సంపుతావా ఏంది?"

మనుషులు తలలు తిప్పారు. ఎయిర్‌హోస్టెస్ వచ్చింది. అవసరమని చెప్పాను. ఏమిటా అవసరం అని అడిగింది. ఏమని చెప్పను? మా జేజి మబ్బులోంచి బాయి అడుగు చూసిందని చెప్పనా? ఇంట్లో ఒకరికి ప్రమాదం జరిగింది అన్నాను. ఎవరు చెప్పారు అంది. నేను నోరు తెరిచేలోపు ఇంకో ఉద్యోగి వచ్చి, నా చేతిలోంచి ఫోన్ తీసుకుని ఆపేశాడు. దిగాక ఇస్తామన్నాడు. నేను అరిచాను. దిగాక పోలీసులకు అప్పజెబుతామన్నాడు. వెనక ఎవరో, "ఇలాంటి వాళ్ళను బస్సులోనే పంపాలి" అన్నారు.

నేను అరుస్తున్నంత సేపూ జేజి కొంగు ఆగలేదు. కిందికి, కాళ్ళ దగ్గరికి.

బేగంపేటలో దిగాక ఇంకో న్యాయం. నడవలేని పెద్దవాళ్ళు చివర దిగాలట. ఎక్కేటప్పుడు మేం ముందు, దిగేటప్పుడు మేం ఆఖరు. విమానం మొత్తం ఖాళీ అయ్యేదాకా మమ్మల్ని కూర్చోబెట్టి, అప్పుడు తెచ్చి ఇచ్చారు నా ఫోన్. మెట్లు దిగుతూనే ఫోన్ చేశాను.

"ఏం పాపా, దిగినారా?" అన్నాడు వన్నూరప్ప మామ, హాయిగా.

"మామా, చిన్నాయన ఎక్కడ?"

"యాడుంటాడు? మీ ఇమానానికి టువ్వాల ఊపేదానికి చేనుకి పోయినాడు. టీ అంగడికాడ అందరికీ చెప్పుకోని మరీ పోయినాడు, మా యమ్మ పైన పోతాందని. ఇంగా రాల్యా."

"పాత బాయిలో చూడు మామా."

"పాత బాయిలో ఏముండాదమ్మా? ముండ్లకంప, పాములు."

"ఒకసారి చూడు మామా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఏం పిల్లవమ్మా నువ్వు" అని సణుగుతూ ఫోన్ పెట్టేశాడు.

సామాన్ల కోసం నిలబడి ఉండగా ధర్మవరం ఆయన మా దగ్గరికి వచ్చాడు. ముఖంలో నవ్వు లేదు. జేజిని కాసేపు చూసి, నన్ను పక్కకు పిలిచాడు.

"నేను కిటికీ పక్కనే ఉన్న్యా కదమ్మా. మీ అవ్వ వంగినప్పుడు నేనూ బయటికే చూస్తాండా. అంతా మబ్బే. నేల అనేదే కనపల్యా. మరి ఆయమ్మ ఏం చూసినట్లు?"

"మీరు లేచి సీటు ఇచ్చి ఉంటే అడగడానికి అర్హత ఉండేది" అన్నాను. అర్థం లేని మాట, తెలుసు. కోపంలో వచ్చింది. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. పేరు అడగలేదు. అడిగి ఉంటే ఈ రోజు రమేశ్ నోరు మూయించడానికి ఒక సాక్షి ఉండేవాడు.

మా నాయన వచ్చాడు. జేజిని బయట కుర్చీలో కూర్చోబెట్టాం. జేజి విసురుతూనే ఉంది. "ఎందుకుమా అట్లా ఇసురుతావు?" అని మా నాయన అడుగుతుండగా నా ఫోన్ మోగింది. వన్నూరప్ప మామ ఆయాసపడుతున్నాడు.

"ఉండాడు పాపా. బాయిలోనే ఉండాడు. కదుల్తా ఉండాడు. తాళ్ళు తెప్పిస్తాండాం."

మా నాయనకు జరిగింది చెప్పాను. ఆ తర్వాత మేం ముగ్గురం ఫోన్ చూస్తూ కూర్చున్నాం. నేను చేస్తే మామ ఎత్తలేదు. ఆయన చేతులు తాళ్ళ మీద ఉన్నాయని తర్వాత తెలిసింది. అలా కూర్చుని ఉండగా జేజి చెయ్యి ఆగింది. కొంగు ఒళ్ళోకి జారింది.

"ఎత్తినారు" అంది. మంచినీళ్ళు అడిగింది.

నీళ్ళు తాగుతుండగా ఫోన్ మోగింది. నులకమంచానికి నాలుగు వైపులా తాళ్ళు కట్టి, చిన్నాయనను అప్పుడే పైకి లాగారట.

తలకు పెద్ద దెబ్బ. భుజం ఎముక విరిగింది. అనంతపురంలో చూపించి, అక్కడి నుంచి బెంగళూరుకు తీసుకుపోయి తలకు ఆపరేషన్ చేశారు. బతికాడు. కానీ కుడి చెయ్యి మునుపటిలా రాలేదు. వేళ్ళు ముడుచుకోవు. ముద్ద ఎడమ చేత్తో తింటాడు. ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు అన్నాడు. డాక్టర్లు అందరితోనూ అదే అంటారని రమేశ్ కొట్టిపారేస్తాడు. సరే. అనరని నేను చెప్పలేను.

జేజిని చూసిన కళ్ళ డాక్టరు ఏమన్నాడో కూడా చెప్పాలి. ఒక కంటికి వెలుతురు తప్ప ఏమీ తెలియడం లేదు, రెండో కంటికి ముఖం ముందు పెట్టిన వేళ్ళు లెక్కపెట్టడమే కష్టం అన్నాడు. ఈ మాట విమానం దిగిన తర్వాతి రోజు అన్నది.

చిన్నాయన మాట్లాడే స్థితికి వచ్చాక బెంగళూరు ఆస్పత్రిలో నేనొక్కదాన్నే ఆయన దగ్గర కూర్చున్నాను. ఎలా పడ్డావని అడిగాను.

"ఇమానం సప్పుడు ఇనపడింది. మబ్బులో యాడుండాదో తెలీల్యా. తల పైకెత్తి టువ్వాల ఊపుకుంటా ఎనక్కి ఎనక్కి నడిచినా. అంతే."

"తర్వాత?"

"తర్వాతేముండాది? అమ్మ ఉండాది గదా."

"ఏ అమ్మ చిన్నాయనా?"

"ఏ అమ్మేంది మే, నాకెందరు అమ్మలు? మీ జేజే. పక్కన కూర్చోని కొంగుతో ఇసురుతానే ఉండాది. ఈగలు ముసిరితే తోలింది. పైకి లాగిందాకా ఇసిరింది."

జేజి ఆ సమయంలో నాతో పాటు ఉందని చెప్పాను.

"ఔను. నాకీ తెల్సు. ఆ పొద్దు మాత్రం అది తోచల్యా" అన్నాడు.

వన్నూరప్ప మామకు నేను బాయిలో చూడమని చెప్పాను, అంతే. విసురుతున్న ఆడమనిషి సంగతి ఆయనకు చెప్పలేదు. అప్పటికి అది తెలిసినవాళ్ళం నేనూ, జేజీ, ధర్మవరం ఆయనా. చిన్నాయనతో ఎవరూ అనలేదు. ఆస్పత్రిలో ఆయన మత్తులో ఉన్నప్పుడు నేనే ఆ మాట చెవిలో వేసి ఉంటానని రమేశ్ అంటాడు. వేయలేదు. నన్ను అబద్ధాలకోరు అనే ముందు వాడు ఒక్కసారి తండ్రిని అడగవచ్చు కదా. అడగడు.

నేను ఇంకో పని కూడా చేశాను. ఆపరేషన్ అయి, కొత్త కళ్ళద్దాలు వచ్చాక జేజిని మళ్ళీ విమానంలోనే వెనక్కి తీసుకెళ్ళాను. అందరూ వద్దన్నారు. విన్నానా? ఈసారి గేటు దగ్గర పెద్దవాళ్ళను పిలిచినా కదలలేదు. అందరూ బస్సెక్కాక చివర ఎక్కి తలుపు దగ్గర నిలబడ్డాం. ముందు దిగాం. వెనక్కి పోయేటప్పుడు మా ఊరు కుడి వైపు రావాలి. కుడి కిటికీ జేజికి దొరికింది. ఆకాశం శుభ్రంగా ఉంది, ఒక్క మబ్బు లేదు.

జేజి చాలాసేపు చూసింది.

"ఏం కనబడుతోంది?" అన్నాను.

"ఏముండాది? ఎర్రగా, గీతలు గీతలుగా ఉండాది. మనూరు యాడుండాదో ఆ దేవునికే తెలియాల."

"మరి ఆ రోజు బాయి ఎలా కనబడింది జేజీ?"

జేజి నా వైపు తిరిగింది. కళ్ళద్దాల వెనక కళ్ళు పెద్దవిగా కనబడ్డాయి.

"ఆ పొద్దు నేను కిటికీలో యాడ చూసినా మే? అది ఆయప్ప సీటు గదా" అంది.

జేజి వంగి చూడడం నేను చూశాను. ఆయన మోకాలి మీద చెయ్యి పెట్టడం చూశాను. ఎంత అడిగినా జేజి ఇంకేమీ చెప్పలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. బాగా తినేది, బాగా పోట్లాడేది. మళ్ళీ ఎప్పుడూ అలాంటిది ఏదీ జరగలేదు. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే, "ఏమోనప్పా, నాకి గ్యాపకం లేదు" అనేది.

కాబట్టి నా దగ్గర వివరణ లేదు. ముసలామె మనసులో ఏదో భయం పుట్టింది, కాకతాళీయంగా నిజమైందని ఒక స్నేహితురాలు అంది. బాయి దాకా కాకతాళీయమే అనుకుందాం. విసరడం? ఎత్తగానే చెయ్యి ఆగడం? ఇన్నేళ్ళుగా తిప్పి తిప్పి చూస్తున్నాను. తెలియదు.

తెలిసింది ఒకటుంది. ఎక్కించిన తప్పు నాది అంటున్న రమేశ్, ఆ రోజు ఫోన్ చేయకపోయి ఉంటే ఏమయ్యేదో చెప్పడు. ఆ బాయి వైపు ఎవరూ పోరు. చీకటి పడ్డాక వెతికేవాళ్ళు. ఎక్కడ వెతికేవాళ్ళు? వాడి నాయన ఈ రోజు మంచం మీద కూర్చుని వాడిని తిట్టగలుగుతున్నాడంటే అది నేను దిగీ దిగగానే చేసిన ఫోను వల్ల. ఆ ఫోను దిగక ముందే చేయబోయాను, చేయనివ్వలేదు. దానికి మాత్రం నన్ను విమానంలో పిచ్చిదాన్ని చేశారు, ఇంట్లో దోషిని చేశారు.

రూలు రూలే, గాల్లో ఫోన్ ఆపాల్సిందే అని మీరూ అంటారేమో. అనండి. మీ పక్కన మీ జేజి కూర్చుని, కన్నకొడుకు బాయిలో ఉన్నాడని చెబుతుంటే, తెర మీద ఒక గీత వెలుగుతుంటే, మీరు ఆపేవాళ్ళా? ఆపేవాళ్ళమే అంటే, ఆ మాట మా ఊరికి వచ్చి, ఎడమ చేత్తో అన్నం తింటున్న మా చిన్నాయన ముందు కూర్చుని అనగలరా?